దోమల మందు, మనిషి నాడి: రాయపూర్ దారిలో ఒక చరిత్ర

విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం 1931 నాటికి పూర్తయింది. మధ్య పరగణాల సరుకును విశాఖ రేవుకు దింపడం కోసం బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన దారి అది. తూర్పు కనుమలను తొలుచుకుంటూ పోయిన ఆ మార్గంలో కంపెనీకి రాతికన్నా జ్వరమే ఎక్కువ అడ్డుపడింది. కూలీలు, గ్యాంగ్‌మన్లు, స్టేషన్ మాస్టర్లు, వారి పిల్లలు ఏటా మలేరియాతో మంచాన పడేవారు. జ్వరం అంటే హాజరు పట్టీలో ఖాళీ గడి, ఖాళీ గడి అంటే నష్టం. అందుకే ఆ రైల్వే ఒక మలేరియా నిపుణుణ్ణి సొంతంగా జీతమిచ్చి పెట్టుకుంది. ఆయన పేరు రోనాల్డ్ సీనియర్-వైట్. 1930లలో జయపురం కొండల్లో ఆయన సాగించిన దోమల సర్వేలు మలేరియా శాస్త్ర చరిత్రలో నేటికీ ప్రస్తావనకు వస్తాయి. వలస పాలనలో ప్రజారోగ్యం మొదట రైలుపట్టాల వెంట, కంటోన్మెంట్ల చుట్టూ, తోటల కంపెనీల అంచున నడిచింది. పట్టాలకు అవతలి పల్లె లెక్కలోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

అదే దశాబ్దం చివర, మద్రాసు ప్రెసిడెన్సీలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున పనిచేసిన పాల్ రస్సెల్ బృందం కొత్త పద్ధతిని పరీక్షించింది. గుంటల్లోని లార్వాను వెతుక్కుంటూ తిరిగే బదులు, ఇళ్లలో గోడల మీద, చూరుల కింద వాలిన దోమలను పైరెత్రమ్ పిచికారీతో చంపడం ఆ పద్ధతి. పైరెత్రమ్ అంటే చామంతి జాతికి చెందిన ఒక తెల్లపువ్వు నుంచి తీసిన సారం. దోమ మీద పడ్డ కొన్ని క్షణాలకే అది గిలగిల కొట్టుకుని కింద పడుతుంది. చాలాసేపటి వరకు ప్రాణం పోదు, కానీ రెక్కలు, కాళ్లు స్వాధీనం తప్పుతాయి. కారణం, ఆ పువ్వు విషం పట్టుకునేది నాడిని.

ఇవాళ రాయపూర్ ఇళ్లలో పడకగది ప్లగ్గుకు తగిలించి ఉండే చిన్న సీసాలోని ద్రవం ఆ పువ్వు రసానికి దూరపు వారసురాలే. ఆ సీసా పక్కన పసిబిడ్డను పడుకోబెట్టే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న న్యాయమైనది: దోమ నాడిని కుప్పకూల్చే మందు మనిషి నాడిని మాత్రం ఎందుకు విడిచిపెడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు రసాయనశాస్త్రంలో సగమే దొరుకుతుంది. తక్కిన సగం ఎనభై ఏళ్ల ప్రభుత్వ విధానాల చరిత్రలో ఉంది.

రసాయన సగం ముందుగా చూడాలి. నాడి వెంట సంకేతం పరుగెత్తడమంటే నాడీకణం పొరలోని సోడియం ద్వారాలు వరుసగా తెరుచుకుని వెంటనే మూసుకోవడమే. పైరెత్రమ్, దానికి నకలుగా తయారైన పైరెత్రాయిడ్లు, అలాగే డి.డి.టి. ఆ ద్వారాలు మూసుకోకుండా అడ్డం పడతాయి. ఆగవలసిన సంకేతం ఆగదు. వణుకు, మెలికలు, చివరకు పక్షవాతం. ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బమేట్లు అనే మరో రెండు కుటుంబాల దారి వేరు. నాడి చివర విడుదలైన ఎసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు ఊడ్చివేసే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను అవి స్తంభింపజేస్తాయి. మలాథియాన్, డైక్లోర్వాస్, పారాథియాన్ మొదటి కుటుంబానివి. ప్రొపాక్సర్, భోపాల్‌లో తయారైన కార్బరిల్ రెండవ కుటుంబానివి. సోడియం ద్వారాలూ కోలినెస్టరేజూ దోమ సొత్తు కావు. మనిషిలోనూ అవే ఉన్నాయి.

మరి మనిషి ఎలా తప్పించుకుంటున్నాడు? పైరెత్రాయిడ్ల విషయంలో మూడు కారణాలు చెబుతారు. కీటకం నాడీ ద్వారాలు ఈ మందుకు ఎక్కువ లొంగుతాయి. దాని ఒళ్లు చిన్నది. దాని దేహం మనిషి దేహమంత వెచ్చగా ఉండదు. చల్లటి నాడి మీద ఈ మందు మరింత బలంగా పనిచేస్తుంది. వీటికి తోడు మనిషి కాలేయం ఈ అణువులను చురుకుగా విరిచేస్తుంది. అన్నీ కలిసి పైరెత్రాయిడ్లు ఉన్నతజీవులకంటే కీటకాలకు సుమారు 2,250 రెట్లు ఎక్కువ విషపూరితమని విషశాస్త్రం లెక్కగట్టింది. ఇది భరోసా ఇచ్చే అంకెే కానీ మినహాయింపు పత్రం కాదు. పిల్లి కాలేయానికి ఆ సామర్థ్యం లేదు. కుక్కకు పూసే పెర్మెత్రిన్ మందు పిల్లికి పూస్తే మూర్ఛలు వచ్చి చస్తుంది. 1980లలో చైనా పత్తి పొలాల్లో, ఇళ్లలో సంభవించిన పైరెత్రాయిడ్ విషప్రయోగాలను సమీక్షించిన వైద్యులు 573 కేసులు లెక్కించారు. ముఖం మంటలు, తిమ్మిర్ల నుంచి మూర్ఛల వరకు వాటిలో ఉన్నాయి. మోతాదు ఎంత, ఎంతసేపు, ఎవరి ఒంటి మీద అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ఏ మందునూ సురక్షితమనో ప్రమాదకరమనో అనడానికి వీల్లేదు.

స్వతంత్ర భారతం ఈ ప్రశ్నలు వేసుకునే తీరికలో లేదు. జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైన 1953లో దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకేదనీ, 8 లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. డి.డి.టి. తయారీకి హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ అనే ప్రభుత్వ రంగ సంస్థ 1954లో ఏర్పడింది. 1958లో నియంత్రణ అన్న మాట తీసేసి నిర్మూలన అన్న మాట పెట్టారు. భుజాన పంపు వేసుకున్న మనుషులు పల్లె పల్లెకూ వెళ్లి గోడలు తడిపారు. 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. అంత తక్కువ కాలంలో అంత మంది ప్రాణాలు నిలబెట్టిన ప్రజారోగ్య కార్యక్రమం ఈ దేశంలో మరొకటి అరుదు. డి.డి.టి.ని తిట్టిపోయడం సులువైపోయిన ఈ రోజుల్లో ఈ మాట ఒకసారి గట్టిగా చెప్పుకోవలసిందే.

ఆ విజయం పదేళ్లు నిలవలేదు. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. డబ్బు తగ్గింది, నిఘా సడలింది, మందు సరఫరా ఆలస్యమైంది. పండక్కి ఆడవాళ్లు మట్టిగోడ అలికితే గోడ మీది మందు అలుకు కింద కప్పడిపోయేది. గోడ అలకని పండగ ఏ గిరిజన పల్లెలో ఉంటుంది? అన్నిటికీ మించి దోమ మారింది. కొన్ని దోమల్లో సోడియం ద్వారం ఆకృతి ఒకచోట మారి, డి.డి.టి. అక్కడ పట్టు దొరకక జారిపోయింది. పైరెత్రాయిడ్లు పట్టుకునేదీ ఆ చోటనే కనుక ఒక మందుకు వచ్చిన తట్టుకునే శక్తి రెండో మందుకూ దారి వేసింది. జాతీయ మలేరియా పరిశోధన సంస్థకు రాయపూర్‌లో ఒక క్షేత్ర విభాగం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ప్రధాన వాహకమైన అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ దోమ డి.డి.టి.ని తట్టుకుంటున్నదనీ, మలాథియాన్‌కు కూడా లొంగడం తగ్గిందనీ ఆ విభాగం శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించారు. దోమ తన నాడిని మార్చుకోగలిగింది. దాని తరం కొన్ని వారాలు. మనిషికి ఆ వెసులుబాటు లేదు.

డి.డి.టి. ఓడిన చోట మలాథియాన్ దిగింది. మనుషుల విషయంలో ఆర్గానోఫాస్ఫేట్లన్నిటిలోకీ మెత్తనిదని దానికి పేరు. ఆ పేరు మీద నమ్మకంతోనే పాకిస్తాన్ ప్రభుత్వం 1976లో తన మలేరియా కార్యక్రమంలో దాన్ని వాడింది. సుమారు 7,500 మంది క్షేత్ర కార్మికులు రంగంలోకి దిగారు. జులై నెలలో విషప్రయోగ లక్షణాలతో కళ్లు మసకబారి, వాంతులతో, వణుకుతో, నీరసంతో పడిపోయినవారు 2,800 మంది దాకా ఉంటారని అంచనా. అయిదుగురు చనిపోయారు. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, కొన్ని కంపెనీల మలాథియాన్‌లో ఐసోమలాథియాన్ అనే మలినం ఎక్కువగా ఉంది. మలాథియాన్‌ను విరిచి పారేసే కాలేయపు ఎంజైమ్‌లనే అది అడ్డుకుంటుంది. మనిషికి సహజంగా ఉన్న కవచం ఊడిపోతుంది, మెత్తని మందు కరకుగా మారుతుంది. పొడి మందు తయారీలో లోపం ఉన్నా, వేడి ప్రదేశంలో ఎక్కువ కాలం నిల్వ ఉన్నా ఆ మలినం పెరుగుతుంది. దానికి తోడు ఉత్త చేతులతో మందు కలపడం, మందు తడిసిన బట్టలతోనే రోజంతా తిరగడం.

ఈ ఉదంతం ప్రయోగశాల భద్రతకూ గోదాము భద్రతకూ మధ్య ఉన్న దూరాన్ని బయటపెట్టింది. అమెరికాలో కొలిచిన విషతీవ్రత స్వచ్ఛమైన మందుది. సింధ్ ఎండలో రేకుల షెడ్డు కింద మగ్గిన మందును ఎవరూ కొలవలేదు. మే నెలలో రాయపూర్ ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. ప్రభుత్వ గోదాముల పరిస్థితి పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. ఆ ఘటన తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మలాథియాన్‌లో ఐసోమలాథియాన్‌కు పరిమితి విధించింది. ఆ పరిమితికి మూల్యం చెల్లించినవారు దినకూలీలు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

భారతదేశంలో చట్టం పుట్టిందీ చావుల మీదనే. 1958లో కేరళలో వంద మందికి పైగా చనిపోయారు. గోధుమపిండి, పంచదార వచ్చిన ఓడలోనే పారాథియాన్ కూడా వచ్చింది, కారింది, ఆహారంలో కలిసింది. జస్టిస్ షా నాయకత్వంలో విచారణ కమిషన్ కూర్చుంది. దాని సిఫార్సుల దారిలో, పదేళ్లకు, 1968లో ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం వచ్చింది. నియమావళి 1971లో వచ్చింది. పొలంలో చల్లే మందు నుంచి పడకగదిలో వెలిగించే కాయిల్ దాకా అన్నీ ఈ ఒక్క చట్టం కిందివే. అన్నీ ఫరీదాబాద్‌లోని రిజిస్ట్రేషన్ కమిటీ ముందు నిలబడవలసినవే.

ఆ నియమావళి దేశానికి ఇచ్చిన గుర్తు డబ్బా మీది రంగు త్రికోణం. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. అక్షరం రానివాడికి కూడా ప్రమాదం తెలియాలన్న సదుద్దేశం దానిలో ఉంది. అయితే ఆ రంగు దేన్ని చెబుతుంది? కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాముల మందు ఇస్తే ప్రయోగశాల ఎలుకల్లో సగం చస్తాయన్న లెక్కను. 50 మిల్లీగ్రాముల లోపు అయితే ఎరుపు, 500 వరకు పసుపు, 5,000 వరకు నీలం, అది దాటితే ఆకుపచ్చ. తాగితే ఏమవుతుందో ఆ త్రికోణం చెబుతుంది. పదేళ్లపాటు ప్రతి రాత్రి ఎనిమిది గంటలు పీల్చిన పిల్లకు ఏమవుతుందో చెప్పదు. ఒకే ఇంట్లో కాయిల్, సీసా, ఒంటికి క్రీమ్, సాయంత్రం వీధిలో మునిసిపాలిటీ వదిలే పొగ కలిస్తే ఏమవుతుందో చెప్పదు. ఆకుపచ్చ త్రికోణాన్ని జనం "ఏమీ కాదు" అని చదువుకున్నారు. వ్యాపార ప్రకటనలు ఆ చదువును సరిదిద్దే ప్రయత్నం ఎన్నడూ చేయలేదు.

ఇంటి దోమల మందు చరిత్ర ప్రభుత్వ పిచికారీ వెనక్కి తగ్గిన కాలంలోనే ఊపందుకోవడం యాదృచ్ఛికం కాదు. కాయిల్ జపాన్‌లో పుట్టింది. ఎయిచిరో ఉయెయామా పైరెత్రమ్ పొడితో అగరుబత్తి చేస్తే, దాన్ని పాములా చుట్టచుడితే రాత్రంతా కాలుతుందన్న ఆలోచన ఆయన భార్య యూకీది. 1902లో అది అంగడికెక్కింది. భారతదేశంలో ఓడోమాస్ క్రీమ్ 1960లలో వచ్చింది. విద్యుత్తుతో వేడెక్కే మ్యాట్ బిళ్ల గుడ్‌నైట్ పేరుతో 1984లో వచ్చింది. ద్రవపు సీసాలు 1990లలో. గోడకు మందు కొట్టడం సర్కారు బాధ్యతగా ఉన్న దశ నుంచి, దోమ నుంచి తప్పించుకోవడం ఎవరి కొనుగోలు శక్తిని బట్టి వారి బాధ్యతగా మారిన దశకు దేశం ఇరవై ఏళ్లలో చేరుకుంది. మురుగుకాలువ బాగు చేయమని వార్డు సభ్యుణ్ణి నిలదీసే పౌరుడు నెలకో సీసా కొనే వినియోగదారుడయ్యాడు. రాజకీయంగా ఇంతకన్నా చౌకైన పరిష్కారం పాలకులకు మరొకటి దొరకదు.

ఇక్కడ తరచు జరిగే ఒక పొరపాటును సరిచేయాలి. దోమల మందు మెదడుకు హాని చేస్తుందా అని వెతికేవారికి ముందుగా కనిపించే పేరు డీట్. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు సైన్యం కోసం 1940లలో తయారుచేసిన రసాయనం ఇది. 1957లో పౌరులకు అందుబాటులోకి వచ్చింది. ఇది దోమను చంపదు, దగ్గరకు రానివ్వదు. 1998లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సమీక్షించినప్పుడు, డీట్‌తో సంబంధం ఉండవచ్చనిపించిన మూర్ఛ కేసులు 14 నుంచి 46 వరకు లెక్కకు వచ్చాయి, వాటిలో నాలుగు మరణాలు. దశాబ్దాలుగా కోట్లమంది వాడిన సరుకుకు ఇది చాలా చిన్న సంఖ్య అని ఆ సంస్థ తేల్చింది. 2014 సమీక్షలోనూ ఆ నిర్ణయం మారలేదు. మధ్యలో 2009లో ఒక ఫ్రెంచి బృందం డీట్ కూడా కోలినెస్టరేజ్‌ను కొంత అడ్డుకుంటుందని ప్రయోగశాలలో చూపింది. కానీ రాయపూర్ కిరాణా కొట్టులో దొరికే ఓడోమాస్‌లో ఉన్నది డీట్ కాదు, దాని దాయాది డైఇథైల్ బెంజమైడ్. డీట్ మీద జరిగినంత పరిశోధన ఆ దాయాది మీద జరగలేదు. అమెరికా భయాన్ని అరువు తెచ్చుకోవడమూ పొరపాటే, అమెరికా భరోసాను అరువు తెచ్చుకోవడమూ పొరపాటే.

డీట్ కథలో మరో అధ్యాయం ఛత్తీస్‌గఢ్‌కు దగ్గరిది. 1991 గల్ఫ్ యుద్ధం నుంచి తిరిగివచ్చిన దాదాపు ఏడు లక్షల మంది అమెరికా సైనికుల్లో కనీసం నాలుగో వంతు మంది మతిమరుపు, తలనొప్పి, కండరాల నొప్పులు, తగ్గని అలసటతో బాధపడ్డారు. ఏళ్ల తరబడి అది మనోవ్యాధి అన్నారు. యుద్ధంలో నరవాయువు దాడి జరిగితే కాపాడుతుందని సైనికులకు మింగించిన పిరిడోస్టిగ్మిన్ బిళ్ల, ఒంటికి పూసిన డీట్, బట్టలకు పట్టించిన పెర్మెత్రిన్ కలిస్తే విడివిడిగా కన్నా నాడులకు ఎక్కువ నష్టం జరుగుతుందని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొహమ్మద్ అబూ-డోనియా బృందం 1996లో కోళ్ల మీద చూపింది. 2008లో అమెరికా ప్రభుత్వ సలహా సంఘమే ఆ బిళ్లలకు, పురుగుమందులకు ఈ జబ్బుతో కారణ సంబంధం ఉందని ఒప్పుకుంది. విడివిడిగా పరీక్షకు నిలిచిన మందులు ఒకే ఒంటి మీద కలిసినప్పుడు ఏం చేస్తాయో కనుక్కోవడం ఎవరి పనీ కాకుండా పోయింది. సైనికుడు ప్రశ్నించలేడు, ఇచ్చింది పూసుకోవాలి.

భారత సైన్యానికి డీట్ ఖరీదైంది. దాని తయారీకి కావలసిన ముడిపదార్థం దేశంలో దొరకలేదు. అందుకని గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డెపా అనే ప్రత్యామ్నాయాన్ని తయారుచేసింది. గ్వాలియర్, రాయపూర్ అప్పట్లో ఒకే రాష్ట్రంలోవి. ఆ సాంకేతికత తరువాత ఒక ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లి మాక్సో మిలిటరీ పేరుతో బజారుకెక్కింది. ఇరవై ఏళ్లుగా బస్తర్ అడవుల్లో క్యాంపులు వేసుకున్న కేంద్ర బలగాల జవాన్లకు తూటాతో పాటు మలేరియా కూడా నిత్య శత్రువు. మందు పట్టించిన దోమతెర, ఒంటికి క్రీమ్, నెలల తరబడి నివారణ మాత్రలు, ఇవన్నీ కలిపి వాడే మనుషులు దేశంలో ఎవరైనా ఉన్నారంటే వారే. క్యాంపు కంచెకు అవతల అదే దోమ కాటు తినే గోండు కుటుంబానికి వాటిలో చాలా భాగం అందదు. రెండు పక్షాల ప్రాణాలకూ లెక్కలు చెప్పే ప్రభుత్వాలు వారి ఆరోగ్యం మీద దీర్ఘకాలిక అధ్యయనం జరిపించి ఉంటే ప్రపంచానికే పనికివచ్చేది.

పిల్లల సంగతి కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. 2011లో న్యూయార్క్ అధ్యయనం ఒకటి వచ్చింది. పైరెత్రాయిడ్ పిచికారీల్లో బలం పెంచడానికి కలిపే పిపెరొనైల్ బ్యుటాక్సైడ్‌కు గర్భంలో ఎక్కువగా గురైన పిల్లలు మూడేళ్ల వయసులో మానసిక వికాస పరీక్షలో సుమారు 4 పాయింట్లు వెనకబడ్డారు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో ఆరేళ్ల పిల్లల మూత్రంలో పైరెత్రాయిడ్ అవశేషాలు ఎక్కువ ఉన్నవారికి మాటల గ్రహణశక్తి, తాత్కాలిక జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్కులు తక్కువ వచ్చాయి. ఇవి సంబంధాన్ని చూపిన అధ్యయనాలు, నేరాన్ని రుజువు చేసినవి కావు. పేదరికం, తిండి, గాలి, చదువు అన్నీ ఆ మార్కుల్లో కలిసి ఉంటాయి. అయినా పెరుగుతున్న మెదడు పెద్దవాడి మెదడు కాదన్న హెచ్చరికగా తీసుకోవడానికి ఇవి చాలు. ఇక కాయిల్ విషయంలో మందు కన్నా పొగే ముందు నేరస్థురాలు. ఒక్క కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్లు వదిలినంత సూక్ష్మధూళి వస్తుందని 2003లో ఒక పరిశోధన కొలిచింది. కిటికీ లేని గుడిసెలో వేపాకు పొగ వేసినా ఊపిరితిత్తులకు ఆ తేడా తెలియదు. మన పెద్దలు వావిలాకు, వేపాకు పొగ వేసేవారు కనుక సహజమైనదంతా క్షేమమన్న వాదన ఈ కొలత ముందు నిలవదు.

ఇంతవరకు తక్కెడలో ఒక వైపే చూసినట్టయింది. రెండో వైపున ఫాల్సిపారమ్ ఉంది. ఛత్తీస్‌గఢ్ మలేరియాలో అత్యధిక భాగం ఈ పరాన్నజీవిదే. అది మెదడులోని సన్నని రక్తనాళాలను మూసివేస్తుంది. స్పృహ తప్పుతుంది, మూర్ఛలు వస్తాయి. బతికి బయటపడ్డ పిల్లల కథ అక్కడితో ముగియదు. ఉగాండా రాజధాని కంపాలాలో మెదడు మలేరియా నుంచి కోలుకున్న పిల్లలను రెండేళ్లు వెంబడించి చూస్తే, ప్రతి నలుగురిలో ఒకరికి ఆలోచనాశక్తిలో లోపం మిగిలింది. దోమల మందుల మామూలు వాడకంలో నాడీ మండలానికి అంతటి హాని జరగడం అరుదు. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్ మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరిగి సుమారు 14 లక్షల మందికి రక్తపరీక్ష చేసింది. 64 వేల పైచిలుకు మందికి మలేరియా బయటపడింది. వారిలో సగానికి మించి ఏ జ్వరమూ లేనివారు, తమ ఒంట్లో జబ్బు ఉందని తెలియనివారు. పరీక్ష, వెంటనే చికిత్స, పైరెత్రాయిడ్ పట్టించిన దోమతెర. తరువాతి విడతల్లో ఆ శాతం బాగా తగ్గింది.

కనుక రాయపూర్ అపార్ట్‌మెంటులో వేసే ప్రశ్నా సుక్మా గుడిసెలో వేసే ప్రశ్నా ఒకటి కావు. కిటికీలకు జాలీ బిగించుకోగల ఇంట్లో, ఏడాదంతా సీసా వెలిగించడం అనవసరమైన మోతాదు. గోడలే సగం లేని ఇంట్లో, ఫాల్సిపారమ్ తిరిగే అడవిలో, మందు పట్టించిన దోమతెర పిల్ల మెదడును కాపాడే కవచం. ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం పత్రికలకు అలవాటైపోయింది. అందువల్ల నగరంలో భయం పెరుగుతుంది, అడవిలో దోమతెర మడతపెట్టి అటక మీదికి పోతుంది.

చట్టం వైపు చూస్తే వేగం ఎప్పటిలాగే ఉంది. 2013లో అనుపమ్ వర్మ కమిటీ 66 పురుగుమందులను పునఃపరిశీలనకు తీసుకుంది. 2018 ఆగస్టులో కేంద్రం 18 మందులను నిషేధించింది. వాటిలో ఆరింటికి మాత్రం 2020 డిసెంబరు 31 వరకు గడువిచ్చింది. ఆ ఆరింటిలో ఒకటి డైక్లోర్వాస్. నువాన్ పేరుతో తెలుగు ఇళ్లలో బొద్దింకలకూ దోమలకూ కొట్టిన మందు అదే. మరొకటి ట్రయాజోఫాస్. గడువు తీరడానికి 26 రోజుల ముందు, డిసెంబరు 5న, ఏలూరులో జనం వీధుల్లో మూర్ఛపోయి పడటం మొదలైంది. ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ వైద్యులు రక్తంలో సీసం, నికెల్ చూశారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలు చూసింది, ట్రయాజోఫాస్ పేరు అప్పుడే జనం నోట పడింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు ముఖ్యమంత్రికి నివేదించారు. ఎవరి మీదా బాధ్యత పడలేదు. హానికరమని ప్రభుత్వమే నిర్ణయించిన మందుకు రెండేళ్ల నాలుగు నెలల గడువు ఎందుకు ఇవ్వవలసి వచ్చిందన్న ప్రశ్న శాసనసభలో కన్నా టీకొట్ల దగ్గరే ఎక్కువ వినిపించింది.

కొత్త చట్టం కోసం 2008లో ఒక బిల్లు, 2020లో మరొక బిల్లు రాజ్యసభకు వచ్చాయి. రెండూ స్థాయీ సంఘాల గడప తొక్కాయి, చట్టమైంది ఏదీ లేదు. ఈలోగా ఫరీదాబాద్ గడప తొక్కని సరుకు అంగళ్లలో నిండిపోయింది. దోమల అగరుబత్తుల పేరిట, రిజిస్ట్రేషన్ లేని పైరెత్రాయిడ్లు కలిపి, దేవుడి బత్తుల పక్కనే పెట్టి అమ్ముతున్నారు. వాటి మీద ఏ త్రికోణమూ ఉండదు. మోతాదు ఎంతో చేసినవాడికే తెలియాలి. మరో వైపు పాత మందులకు దోమ లొంగకపోవడంతో 2024లో ఒక పెద్ద కంపెనీ రెనోఫ్లూత్రిన్ అనే కొత్త అణువును దేశవాళీ ఆవిష్కరణగా విడుదల చేసింది. అదీ నాడి మీద పనిచేసే పైరెత్రాయిడ్ కుటుంబానిదే.

1971 నియమావళిలో అంతగా ఎవరి కంటా పడని ఒక నిబంధన ఉంది. మందు డబ్బా మీది చీటీ, దానితో ఇచ్చే కరపత్రం హిందీ, ఇంగ్లిషులతో పాటు ఆ సరుకు అమ్ముడయ్యే ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి రెండు భాషల్లో ముద్రించాలి. దోమతెరను వాడే ముందు ఒక రోజు నీడన ఆరవేయాలనీ, చెరువులో ఉతికితే చేపలు చస్తాయనీ, మందు తగిలితే ముఖం మంటపుడితే సబ్బుతో కడుక్కోవాలనీ చెప్పే మాటలు అవి. బస్తర్‌లో దక్షిణాన శబరి ఒడ్డున కోంటా ఉంది. దాని పక్కనే తెలుగు నేల. కోంటా చుట్టుపక్కల దొర్లా పల్లెల్లో మాట్లాడేది సగం గోండి, సగం తెలుగు కలిసిన దొర్లీ. కొంచెం పైకి వెళితే గోండి, ఇంకా పైకి వెళితే హల్బీ. ఆ పల్లెల్లో పంచే సంచుల మీద రాత హిందీ, ఇంగ్లిషు.